మెమొరీ అస్థిరత (డెస్క్‌టాప్ కంప్యూటరు)

మెమొరీ అస్థిరత అనగా కంప్యూటరులోని ప్రధాన మెమొరీ (ర్యామ్) తనలో వ్రాసిన సమాచారాన్ని అన్నివేళలా వ్రాసినది వ్రాసినట్లుగా తిరిగి ఇవ్వలేకపోవటం. విడిభాగాలు కొని కొత్తగా కూర్చిన డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఈ సమస్య తరచుగా ఎదురవుతుంది. పెద్ద సంస్థలు తయారుచేసి అమ్మే కంప్యూటర్లలో ప్రాసెసరు, మదర్‌బోర్డు, మెమొరీ మాడ్యూళ్ళ కలయికను ముందే పరీక్షించి ఉంటారు. అసెంబుల్డ్ కంప్యూటరు అని వాడుకలో పిలిచే యంత్రంలో ఆ భాగాలన్నీ మొదటిసారిగా ఒకచోట చేరేది కూర్చినవారి బల్లమీదనే. అందువలన పరీక్షించే బాధ్యత కూడా వారిమీదనే పడుతుంది.

మెమొరీ పూర్తిగా చెడిపోతే కంప్యూటరు మొదలే కాదు కనుక లోపం వెంటనే తెలిసిపోతుంది. అస్థిరత విషయంలో అలా జరగదు. యంత్రం మామూలుగానే పనిచేస్తూ, కోట్ల బిట్లలో ఎప్పుడో ఒకటి తారుమారవుతుంది. ఆ బిట్టు వాడకంలో లేని చోట ఉంటే ఏ హానీ ఉండదు. ఆపరేటింగ్ సిస్టం వాడుతున్న చోట ఉంటే యంత్రం నిలిచిపోవచ్చు. డిస్కులో భద్రపరచబోతున్న ఫైలులో ఉంటే, ఏ హెచ్చరికా లేకుండా ఆ ఫైలు చెడిపోయి, చెడిన రూపంలోనే భద్రమవుతుంది. మూడవది అన్నిటికంటే ప్రమాదకరమైనది.

నేపథ్యం

డెస్క్‌టాప్ కంప్యూటర్లలో వాడే ప్రధాన మెమొరీ డైనమిక్ ర్యామ్ అనే రకానికి చెందినది. ఇందులో ఒక్కొక్క బిట్టును ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు కలిసి నిలుపుతాయి. ఈ నిర్మాణానికి ఐ.బి.ఎం. సంస్థకు చెందిన రాబర్ట్ డెనార్డ్ 1968లో పేటెంటు పొందాడు. కెపాసిటరులో ఉండే విద్యుదావేశం కాలం గడిచేకొద్దీ కారిపోతుంది. కావున ప్రతి వరుసను నిర్ణీత వ్యవధిలో చదివి మళ్ళీ వ్రాయవలసి ఉంటుంది. దీనిని రిఫ్రెష్ అంటారు. డిడిఆర్4 మెమొరీలో ఈ వ్యవధి 64 మిల్లీసెకండ్లు. చిప్పు ఉష్ణోగ్రత 85 డిగ్రీల సెల్సియస్ దాటితే దీనిని 32 మిల్లీసెకండ్లకు తగ్గించాలి. వేడి పెరిగితే ఆవేశం మరింత త్వరగా కారిపోవటమే ఇందుకు కారణం.

మెమొరీ ప్రమాణాలను జెడెక్ అనే సంస్థ నిర్ణయిస్తుంది. ఒక తరం మాడ్యూలు మరొక తరం స్లాటులో పట్టకుండా గాటు స్థానాన్ని మారుస్తూ వచ్చారు. తరతరానికీ వేగం పెరుగుతూ, వోల్టేజి తగ్గుతూ వచ్చింది.

• డిడిఆర్: ప్రమాణం వెలువడిన సంవత్సరం 2000, వోల్టేజి 2.5
• డిడిఆర్2: 2003, వోల్టేజి 1.8
• డిడిఆర్3: 2007, వోల్టేజి 1.5
• డిడిఆర్4: 2012, వోల్టేజి 1.2
• డిడిఆర్5: 2020, వోల్టేజి 1.1

వోల్టేజి తగ్గి వేగం పెరిగితే సున్నాకూ ఒకటికీ మధ్య ఉండే తేడా సన్నగిల్లుతుంది. ఆ తేడాను గుర్తించటానికి దొరికే సమయం కూడా తగ్గుతుంది. కొత్త తరాలలో చిన్నపాటి అమరిక లోపం కూడా దోషంగా బయటపడటానికి ఇది ముఖ్య కారణం.

మెమొరీని నడిపించే భాగాన్ని మెమొరీ కంట్రోలరు అంటారు. పూర్వం ఇది మదర్‌బోర్డుపై ఉన్న చిప్‌సెట్‌లో ఉండేది. ఎ.ఎం.డి. సంస్థ 2003లో ఆప్టెరాన్, అథ్లాన్ 64 ప్రాసెసర్లతోనూ, ఇంటెల్ సంస్థ 2008లో నెహలెం తరంతోనూ దీనిని ప్రాసెసరులోకే చేర్చాయి. అప్పటినుండి మెమొరీ స్థిరత్వం మూడు భాగాలపై ఆధారపడుతున్నది: మెమొరీ మాడ్యూలు, మదర్‌బోర్డులోని రాగి దారులు, ప్రాసెసరులోని కంట్రోలరు. దోషం కనిపించినప్పుడు ఈ మూడింటిలో ఏది కారణమో తేల్చటమే దోష నిర్ధారణలోని అసలు పని.

వేగం, టైమింగులు, ప్రొఫైళ్ళు

మెమొరీ పెట్టెపై డిడిఆర్4-3200, సిఎల్16 వంటి అంకెలు ఉంటాయి. 3200 అనేది సెకనుకు జరిగే బదిలీల సంఖ్యను మిలియన్లలో తెలుపుతుంది. ఒక్కొక్క గడియార చక్రంలో రెండు బదిలీలు జరుగుతాయి కనుక అసలు గడియార వేగం 1600 మెగాహెర్ట్జులు, ఒక చక్రం కాలం 0.625 నానోసెకండ్లు. సిఎల్16 అనగా చదవమని ఆదేశం అందిన 16 చక్రాల తరువాత సమాచారం వెలువడుతుంది. అంటే 10 నానోసెకండ్లు. డిడిఆర్5-6000, సిఎల్30 మాడ్యూలుకు లెక్క కట్టినా 10 నానోసెకండ్లే వస్తుంది. కావున సిఎల్ అంకె పెద్దదైనంత మాత్రాన మెమొరీ నెమ్మది అని భావించరాదు.

ప్రతి మాడ్యూలుపై ఎస్‌పిడి అనే చిన్న చిప్పు ఉంటుంది. మాడ్యూలు పరిమాణం, అది తట్టుకోగల వేగాలు, టైమింగులు అందులో నమోదై ఉంటాయి. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు బయోస్ దీనిని చదివి, జెడెక్ ప్రమాణానికి లోబడిన వేగాన్ని ఎంచుకుంటుంది. అందువలన డిడిఆర్4-3600 అని కొన్న మెమొరీ కూడా మొదట 2133 లేదా 2666 వంటి తక్కువ వేగంతోనే నడుస్తుంది. ఇది లోపం కాదు.

పెట్టెపై ముద్రించిన వేగం రావాలంటే బయోస్‌లో ప్రత్యేకంగా ఒక ప్రొఫైలును ఎంచుకోవాలి. ఇంటెల్ 2007లో ఎక్స్ఎంపి పేరుతోనూ, ఎ.ఎం.డి. 2022లో డిడిఆర్5 కొరకు ఎక్స్‌పో పేరుతోనూ ఇటువంటి ప్రొఫైళ్ళను ప్రవేశపెట్టాయి. ఇవి వేగంతోపాటు వోల్టేజిని కూడా పెంచుతాయి. డిడిఆర్4 ప్రమాణ వోల్టేజి 1.2 కాగా, ప్రొఫైళ్ళలో సాధారణంగా 1.35 ఉంటుంది. మాడ్యూలు తయారీదారు హామీ మాడ్యూలుకే పరిమితం. కొన్నవారి ప్రాసెసరు, మదర్‌బోర్డు ఆ వేగాన్ని తట్టుకుంటాయని అది చెప్పదు. ప్రొఫైలు వాడకాన్ని ప్రాసెసరు తయారీదారులు ఓవర్‌క్లాకింగ్‌గానే పరిగణిస్తారు.

లక్షణాలు

మెమొరీ అస్థిరతకు ప్రత్యేకమైన ఒకే లక్షణం లేదు. ఒకే పని చేసినప్పుడు ఒకే లోపం ప్రతిసారీ వస్తే అది సాఫ్ట్‌వేరు లోపం అయ్యే అవకాశం ఎక్కువ. సంబంధం లేని లోపాలు వేరువేరు సమయాల్లో, వేరువేరు ప్రోగ్రాములలో వస్తుంటే మెమొరీని అనుమానించాలి. సాధారణంగా కనిపించే లక్షణాలు ఇవి:

• ఫ్యానులు తిరుగుతున్నా తెరపై ఏమీ రాకపోవటం, మదర్‌బోర్డుపై డ్రామ్ అని వ్రాసి ఉన్న దీపం వెలిగి నిలిచిపోవటం, లేదా స్పీకరు నుండి బీప్ శబ్దాలు వరుసగా రావటం.
• ఆపరేటింగ్ సిస్టంను స్థాపించే సమయంలో ఫైళ్ళు చదవలేకపోతున్నట్లు సందేశాలు రావటం. ఇన్‌స్టలేషన్ డిస్కు చెడిందని భావించి చాలామంది దానినే మారుస్తుంటారు.
• విండోస్‌లో నీలి తెర వచ్చి యంత్రం తిరిగి మొదలవటం. మెమొరీ మేనేజ్‌మెంట్, పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్‌డ్ ఏరియా, ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ వంటి సందేశాలు మార్చిమార్చి కనిపించటం.
• లినక్స్‌లో పెద్ద ప్రోగ్రామును కంపైల్ చేస్తున్నప్పుడు కంపైలరు సిగ్నల్ 11 దోషంతో ఆగిపోవటం, మళ్ళీ మొదలుపెడితే మరొకచోట ఆగటం.
• కుదించిన ఫైళ్ళను విప్పేటప్పుడు సరిచూపు మొత్తం సరిపోలేదని రావటం, అదే ఫైలు మరొక కంప్యూటరులో సక్రమంగా విప్పుకోవటం.
• ఒకే పెద్ద ఫైలుకు హాష్ విలువ లెక్కించినప్పుడు ఒక్కొక్కసారి ఒక్కొక్క విలువ రావటం.

చివరి లక్షణం ఎంతో విలువైన ఆధారం. ఫైలు మారనప్పుడు దాని హాష్ మారటానికి వీలులేదు. మారిందంటే మెమొరీ, ప్రాసెసరు, నిల్వ పరికరం, వాటి మధ్య దారులలో ఎక్కడో ఒకచోట సమాచారం చెడుతున్నదని రుజువైనట్లే.

కారణాలు

అమరిక లోపాలు

కొత్త కంప్యూటర్లలో మొదట చూడవలసిన కారణం ఇది. మాడ్యూలు స్లాటులో ఒకవైపు దిగి రెండవవైపు కొద్దిగా పైకి ఉండిపోవచ్చు. కొన్ని మదర్‌బోర్డులలో ఒకవైపు మాత్రమే కదిలే క్లిప్పు ఉండటం వలన ఈ తేడా కంటికి ఆనదు. స్లాటులో దుమ్ము, మాడ్యూలు అంచున ఉన్న బంగారు పూత పట్టీలపై వేలిముద్రల జిడ్డు కూడా స్పర్శను దెబ్బతీస్తాయి.

స్లాటు ఎంపిక కూడా ముఖ్యమే. నాలుగు స్లాట్లు ఉన్న బోర్డులో రెండు మాడ్యూళ్ళు పెట్టేటప్పుడు చాలా బోర్డులు ప్రాసెసరు వైపు నుండి లెక్కించి రెండవ, నాలుగవ స్లాట్లను వాడమని సూచిస్తాయి. ఈ బోర్డులలో ఒక్కొక్క ఛానెలులోని రెండు స్లాట్లు ఒకే దారిపై ఒకదాని తరువాత ఒకటి ఉంటాయి. దారి చివరి స్లాటును ఖాళీగా ఉంచి మొదటిదానిలో మాడ్యూలు పెడితే, ఖాళీ చివర నుండి సంకేతం పరావర్తనం చెంది వెనుకకు వచ్చి అసలు సంకేతాన్ని చెడగొడుతుంది. తక్కువ వేగంలో ఇది తట్టుకోగలిగినదే అయినా ప్రొఫైలు వేగంలో దోషంగా మారుతుంది.

ప్రాసెసరు సాకెట్‌లో వంగిన పిన్ను, కూలరు మరలను ఒకవైపు ఎక్కువగా బిగించటం వలన కలిగే అసమాన ఒత్తిడి కూడా మెమొరీ దోషాలుగా బయటపడతాయి. మెమొరీ సంకేతాలు ఆ పిన్నుల ద్వారానే కంట్రోలరును చేరుతాయి కనుక ఒక ఛానెలు మొత్తం కనిపించకుండా పోవటం, సగం మెమొరీ మాత్రమే లెక్కకు రావటం జరుగుతుంది.

శక్తికి మించిన వేగం

ప్రాసెసరు తయారీదారు ప్రకటించే మెమొరీ వేగం మాడ్యూళ్ళ సంఖ్యను బట్టి మారుతుంది. ఉదాహరణకు ఎ.ఎం.డి. రైజెన్ 7000 వరుస డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు రెండు మాడ్యూళ్ళతో డిడిఆర్5-5200 వరకు ప్రకటించగా, నాలుగు మాడ్యూళ్ళు పెడితే అది 3600కు తగ్గుతుంది. కావున 6000 వేగం గల మాడ్యూళ్ళు నాలుగు కొని అదే వేగంతో నడవాలని ఆశించటం తరచుగా నిరాశకు దారితీస్తుంది. పెద్ద పరిమాణం కావలసినప్పుడు చిన్నవి నాలుగు కొనటం కంటే పెద్దవి రెండు కొనటం మేలు.

వేరువేరు మాడ్యూళ్ళను కలపటం

రెండు మాడ్యూళ్ళ పెట్టెలు రెండు కొని నాలుగింటిని కలిపి వాడటం, పాత మాడ్యూలుకు కొత్తది జతచేయటం సాధారణం. ఒకే సంస్థ, ఒకే మోడలు పేరుతో అమ్మే మాడ్యూళ్ళలో కూడా కాలాన్ని బట్టి లోపలి చిప్పులు వేరు సంస్థలవి కావచ్చు. ఒకే పెట్టెలో వచ్చిన మాడ్యూళ్ళకు మాత్రమే కలిపి నడుస్తాయని హామీ ఉంటుంది. నాలుగు కావలసి ఉంటే నాలుగూ ఒకే పెట్టెలో ఉన్నది ఎంచుకోవాలి.

వేడి, విద్యుత్తు

మెమొరీ చిప్పులు వేడెక్కినకొద్దీ దోషాలు పెరుగుతాయి. గ్రాఫిక్స్ కార్డు నుండి వెలువడే వేడిగాలి నేరుగా మెమొరీ వైపు వెళ్ళే పెట్టెలలో, మెమొరీ పరీక్షలో ఏ దోషమూ లేకపోయినా ఆటలు ఆడుతున్నప్పుడు యంత్రం నిలిచిపోవచ్చు. గది ఉష్ణోగ్రత ప్రభావం కూడా తక్కువేమీ కాదు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. అటువంటి చోట డిసెంబరు రాత్రి నెగ్గిన పరీక్ష మే నెల మధ్యాహ్నం నెగ్గకపోవచ్చు. నాసిరకం పవర్ సప్లై నుండి వచ్చే వోల్టేజి ఎగుడుదిగుళ్ళు కూడా ఇటువంటి దోషాలకే దారితీస్తాయి.

చిప్పులోని దోషం

తయారీలోనే బలహీనమైన కణం ఉండటం, కూర్చేటప్పుడు స్థిరవిద్యుత్తు తగిలి చిప్పు దెబ్బతినటం ఈ కోవలోకి వస్తాయి. వీటికి బయోస్ సవరణలు పరిష్కారం కావు. మాడ్యూలును మార్చవలసిందే.

మెమొరీ శిక్షణ

కంప్యూటరు మొదలైనప్పుడు కంట్రోలరు ప్రతి సమాచార దారికీ తగిన సమయ భేదాలను, వోల్టేజి స్థాయిలను పరీక్షలు జరిపి తెలుసుకుంటుంది. దీనిని మెమొరీ శిక్షణ అంటారు. డిడిఆర్5 యంత్రాలలో మొదటిసారి ఆన్ చేసినప్పుడు, లేదా మెమొరీ మార్చినప్పుడు ఇది కొన్ని నిమిషాలు సాగవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. యంత్రం చెడిందని తలచి మధ్యలో ఆపివేస్తే శిక్షణ మళ్ళీ మొదటినుండి మొదలవుతుంది. కావున కొత్త డిడిఆర్5 కంప్యూటరును మొదటిసారి ఆన్ చేసి పది, పదిహేను నిమిషాలు వేచి ఉండటం మంచిది.

శిక్షణ ఫలితం ప్రతిసారీ అచ్చంగా ఒకేలా ఉండదు. అందువలన అంచున నడిచే యంత్రం ఒకరోజు సక్రమంగా, మరొకరోజు దోషాలతో నడవవచ్చు. పరీక్షను ఒకసారి కాక, యంత్రాన్ని పూర్తిగా ఆపి మళ్ళీ మొదలుపెట్టి మరొకసారి కూడా చేయమనటానికి ఇదే కారణం.

పరీక్షా సాధనాలు

16 గిగాబైట్ల మెమొరీలో 13,700 కోట్లకు పైగా బిట్లు ఉంటాయి. వాటిలో ఒకటి ఎప్పుడో ఒకసారి తప్పితే పట్టుకోవటానికి ప్రత్యేక ప్రోగ్రాములు కావాలి. ఇవి తెలిసిన నమూనాలను మెమొరీ అంతటా వ్రాసి, తిరిగి చదివి, పోల్చి చూస్తాయి. అన్నిచోట్లా సున్నాలు వ్రాసి చదవటం మాత్రమే చాలదు. ఒక కణంలో వ్రాసినప్పుడు పక్క కణం మారుతున్నదా అన్నది కూడా చూడాలి. అందుకొరకు చిరునామాల వరుసలో పైకి, కిందికి నడుస్తూ విలువలను తిరగవేసే పద్ధతులను వాడతారు.

• మెమ్‌టెస్ట్86: క్రిస్ బ్రేడీ 1990లలో రూపొందించిన ఈ ప్రోగ్రామును 2013 నుండి పాస్‌మార్క్ సంస్థ నిర్వహిస్తున్నది. ఇది ఆపరేటింగ్ సిస్టం లేకుండా యుఎస్‌బి డ్రైవు నుండి నేరుగా నడుస్తుంది. ఉచిత కూర్పులో నాలుగు ఆవృత్తుల వరకు పరీక్షించవచ్చు.
• మెమ్‌టెస్ట్86+: పై ప్రోగ్రాము నుండి 2004లో వేరుపడిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. 2022లో వెలువడిన ఆరవ కూర్పుతో కొత్త యంత్రాలకు అనువుగా తిరిగి వ్రాయబడింది.
• విండోస్ మెమొరీ డయాగ్నస్టిక్: విండోస్ విస్టా నుండి ఆపరేటింగ్ సిస్టంతోపాటే వస్తున్నది. వెంటనే అందుబాటులో ఉండటం దీని సౌలభ్యం. కాని దీనిలో దోషం కనిపించనంత మాత్రాన మెమొరీ మంచిదని నిర్ణయించరాదు.
• ప్రైమ్95: పెద్ద ప్రధాన సంఖ్యల అన్వేషణ కొరకు వ్రాసిన ప్రోగ్రాము. ఇందులోని బ్లెండ్ పరీక్ష ప్రాసెసరును, మెమొరీని ఒకేసారి శ్రమపెట్టి లెక్కలు సరిచూస్తుంది. కణాలను విడిగా పరీక్షించే ప్రోగ్రాములకు దొరకని కంట్రోలరు దోషాలు దీనితో బయటపడవచ్చు.

ఈ పరీక్షలలో అనుమతించదగిన దోషాల సంఖ్య సున్నా. వేల కోట్ల బిట్లలో ఒక్కటే కదా అని ఉపేక్షించరాదు. మరోవైపు, పరీక్షలో దోషం రాకపోవటం దోషం లేదనటానికి పూర్తి రుజువు కాదు. ఆ సమయంలో, ఆ వేడిలో, ఆ నమూనాలతో దోషం కనిపించలేదని మాత్రమే దాని అర్థం.

దోషాలు కనిపించిన తీరును బట్టి కారణాన్ని కొంతవరకు ఊహించవచ్చు. ఒకే చిరునామాలో ఒకే బిట్టు ప్రతి ఆవృత్తిలోనూ తప్పుతుంటే చిప్పులోని కణం చెడిందని భావించవచ్చు. చిరునామాలు వేరైనా ఎల్లప్పుడూ ఒకే స్థానంలోని బిట్టు తప్పుతుంటే ఒక సమాచార దారిలో, అనగా స్లాటు స్పర్శలో లేక సాకెట్ పిన్నులో లోపం ఉండవచ్చు. చిరునామాలు, బిట్లు రెండూ చెల్లాచెదురుగా ఉండి, యంత్రం వేడెక్కిన తరువాతనే వస్తుంటే వేగం, వోల్టేజి లేక ఉష్ణోగ్రత కారణం కావచ్చు.

దోష నిర్ధారణ క్రమం

ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేసి, ఫలితాన్ని కాగితంపై నమోదు చేయటం ఈ పనిలో ముఖ్య సూత్రం. రెండు మార్పులు ఒకేసారి చేస్తే సమస్య పోయినా కారణం తెలియదు.

1. ముఖ్యమైన సమాచారం ఉన్న డిస్కులను యంత్రం నుండి వేరుచేయాలి. దోషం ఉన్న మెమొరీతో ఆపరేటింగ్ సిస్టంను నడిపితే డిస్కులోని ఫైలు వ్యవస్థ కూడా చెడిపోవచ్చు.
2. బయోస్‌ను తొలి అమరికలకు మార్చి, ప్రొఫైలును నిలిపివేసి, యుఎస్‌బి డ్రైవు నుండి మెమొరీ పరీక్షను నడపాలి. యంత్రం బయోస్ వరకు కూడా రాకపోతే, పవర్ తీగను తీసివేసి, మదర్‌బోర్డు పుస్తకంలో చెప్పిన విధంగా సీమాస్‌ను చెరపాలి.
3. ప్రమాణ వేగంలో దోషాలు లేకుండా, ప్రొఫైలు పెట్టినప్పుడే వస్తుంటే సమస్య వేగానికి సంబంధించినది. దిగువ సవరణల భాగంలో చెప్పినవి ప్రయత్నించాలి.
4. ప్రమాణ వేగంలోనే దోషాలు వస్తుంటే విద్యుత్తు పూర్తిగా నిలిపివేసి, మాడ్యూళ్ళను తీసి, స్లాట్లను, అంచులను పరిశీలించి, రెండువైపులా గట్టిగా కూర్చునే వరకు నొక్కి పెట్టాలి. పట్టీలను పెన్సిల్ రబ్బరుతో రుద్దటం మన దుకాణాలలో వాడుకలో ఉన్న పద్ధతి. అది తాత్కాలికంగా పనిచేసినా పలుచని బంగారు పూతను అరగదీస్తుంది, రబ్బరు పొడి స్లాటులో చేరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన, నూగు రాలని గుడ్డతో తుడవటం మేలు.
5. అప్పటికీ దోషాలు వస్తే ఒక్కొక్క మాడ్యూలును ఒంటరిగా, మదర్‌బోర్డు పుస్తకం సూచించిన ఒకే స్లాటులో పెట్టి పరీక్షించాలి. తరువాత దోషం లేని మాడ్యూలుతో ఒక్కొక్క స్లాటును పరీక్షించాలి.

ఐదవ మెట్టు ఫలితాన్ని ఈ విధంగా అర్థం చేసుకోవాలి. దోషం మాడ్యూలు వెంట ఏ స్లాటుకైనా వెళ్తుంటే మాడ్యూలే చెడ్డది. ఏ మాడ్యూలు పెట్టినా ఒకే స్లాటులో లేక ఒకే ఛానెలులో దోషం వస్తుంటే స్లాటు, సాకెట్ పిన్నులు, లేక ప్రాసెసరులోని కంట్రోలరు కారణం. ఒంటరిగా అన్నీ నెగ్గి, కలిపి పెట్టినప్పుడే దోషం వస్తుంటే మాడ్యూళ్ళ పొందిక లేక కంట్రోలరుపై పడే భారం కారణం. ఈ చివరి సందర్భంలో మాడ్యూలు చెడిందని దుకాణదారుకు తిరిగి ఇచ్చినా, అక్కడ ఒంటరిగా పరీక్షించి బాగానే ఉందని చెప్పే అవకాశం ఉంది. అందుకే ఏ కలయికలో, ఏ వేగంలో, ఎంతసేపటికి దోషం వచ్చిందో వ్రాసి, తెర ఫోటో తీసి ఉంచుకోవాలి.

సవరణలు

సమస్య వేగానికి సంబంధించినదని తేలితే ఈ క్రమంలో ప్రయత్నించవచ్చు:

• బయోస్‌ను కొత్త కూర్పుకు మార్చటం. కొత్త ప్రాసెసర్లు విడుదలైన మొదటి నెలలలో మెమొరీ పొందికను మెరుగుపరిచే కూర్పులు తరచుగా వస్తాయి. అయితే మెమొరీ అస్థిరంగా ఉన్నప్పుడు బయోస్ మార్చటం ప్రమాదం. ముందుగా ప్రమాణ వేగానికి తగ్గించి, పరీక్ష నెగ్గిన తరువాతనే ఈ పని చేయాలి.
• ప్రొఫైలును అలాగే ఉంచి వేగాన్ని ఒక మెట్టు తగ్గించటం. ఉదాహరణకు 3600 బదులు 3400, 6000 బదులు 5600. రోజువారీ పనులలో ఈ తేడా సాధారణంగా గుర్తించలేనంత తక్కువ.
• కమాండ్ రేటును 1 నుండి 2కు మార్చటం, లేదా ప్రధాన టైమింగులను కొద్దిగా వదులు చేయటం.
• మెమొరీపైకి గాలి తగిలేలా ఫ్యానును అమర్చటం.

వోల్టేజి పెంచటం చివరి మార్గం. మాడ్యూలు ప్రొఫైలులో ఉన్నదానిని మించి పెంచటం, ఇతరుల యంత్రాలలో పనిచేసిన విలువలను యథాతథంగా వాడటం మంచిది కాదు. 2023లో కొన్ని రైజెన్ 7000 ప్రాసెసర్లు, వాటి సాకెట్లు కాలిపోయిన ఘటనల తరువాత, మెమొరీ కంట్రోలరు ఉన్న భాగానికి ఇచ్చే ఎస్ఓసి వోల్టేజిని 1.3 దాటకుండా కొత్త బయోస్ కూర్పులలో పరిమితం చేశారు. ఎక్స్‌పో ప్రొఫైలును ఎంచుకున్నప్పుడు బోర్డులు ఆ వోల్టేజిని తమంతట తాము ఎక్కువగా పెంచటం అందులో ఒక కారణంగా గుర్తించారు. ఆ తరం బోర్డు వాడేవారు బయోస్‌ను నవీకరించుకోవటం అవసరం.

మెమొరీ దోషంగా కనిపించే ఇతర లోపాలు

అన్ని అస్థిరతలకూ మెమొరీ కారణం కాదు. ఇంటెల్ 13, 14వ తరం కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అధిక వోల్టేజి వలన కాలక్రమేణా క్షీణించి, ఆటలు నిలిచిపోవటం, కుదించిన ఫైళ్ళు విప్పలేకపోవటం, వీడియో మెమొరీ చాలటంలేదనే సందేశం రావటం వంటి లక్షణాలు చూపాయి. చాలామంది ర్యామ్‌ను, గ్రాఫిక్స్ కార్డును మార్చి చూశారు. ఇంటెల్ 2024లో కారణాన్ని వెల్లడించి, మైక్రోకోడు సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. అప్పటికే క్షీణించిన ప్రాసెసరును మైక్రోకోడు బాగుచేయలేదు. దానిని మార్చుకోవలసి ఉంటుంది.

చెడుతున్న ఎస్ఎస్‌డి, పాత డ్రైవర్లు, బలం చాలని పవర్ సప్లై కూడా ఇటువంటి లక్షణాలనే చూపుతాయి. తెలిసిన మంచి మాడ్యూలుతో ప్రమాణ వేగంలో కూడా లోపాలు కొనసాగితే మెమొరీని వదిలి వీటివైపు చూడాలి.

ఇసిసి మెమొరీ

ఏ లోపమూ లేని మెమొరీలో కూడా అరుదుగా బిట్లు తారుమారవుతాయి. చిప్పుల పైపెట్టె పదార్థంలోని రేడియోధార్మిక మూలకాల నుండి వెలువడే ఆల్ఫా కణాలు ఇందుకు ఒక కారణమని ఇంటెల్‌కు చెందిన తిమోతి మే, మర్రే వుడ్స్ 1970ల చివర కనుగొన్నారు. అంతరిక్షం నుండి వచ్చే విశ్వకిరణాలు మరొక కారణం. ఇటువంటి దోషం అదే చోట మళ్ళీ రాదు.

రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన దోష సవరణ సంకేతాల ఆధారంగా ఇసిసి మెమొరీ రూపొందింది. డిడిఆర్4 వరకు ఇందులో 64 బిట్ల సమాచారానికి 8 అదనపు బిట్లు ఉంటాయి. వీటితో ఒక బిట్టు తప్పితే సరిదిద్దవచ్చు, రెండు తప్పితే గుర్తించవచ్చు. గూగుల్ సర్వర్లపై జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాదికి 8 శాతానికి పైగా మాడ్యూళ్ళలో కనీసం ఒక దోషం నమోదైంది. ఇసిసి లేని ఇంటి కంప్యూటరులో అటువంటి దోషాలను నమోదు చేసేవారే ఉండరు.

డిడిఆర్5 చిప్పులన్నిటిలో అంతర్గత దోష సవరణ ఉంటుంది. ఇది చిప్పు లోపలి కణాలను మాత్రమే కాపాడుతుంది. చిప్పుకూ ప్రాసెసరుకూ మధ్య దారిలో జరిగే తప్పులను పట్టుకోలేదు. కావున డిడిఆర్5 అంతా ఇసిసి మెమొరీయే అన్న అభిప్రాయం సరికాదు. పూర్తి ఇసిసి కావాలంటే దానికి తగిన మాడ్యూలు, మదర్‌బోర్డు, ప్రాసెసరు మూడూ ఉండాలి.

సమాచార భద్రత, ముందుజాగ్రత్తలు

అస్థిర మెమొరీ వలన కలిగే నష్టం నిలిచిపోయిన యంత్రం కాదు. దానిని మళ్ళీ మొదలుపెట్టవచ్చు. తెలియకుండా చెడిన ఫోటోలు, లెక్కల పుస్తకాలు, పరిశోధనా గ్రంథాల ప్రతులు తిరిగి రావు. పాత కంప్యూటరు నుండి కొత్తదానికి ఫైళ్ళన్నీ తరలించి, పాతదానిని చెరిపివేసిన తరువాత మెమొరీ లోపం బయటపడితే, ఆ ఫైళ్ళలో ఏవి సరైనవో తేల్చటానికి మార్గం ఉండదు. చెడిన ప్రతి నుండి తీసిన బ్యాకప్ కూడా చెడినదే అవుతుంది. ఈ కారణంగా కింది జాగ్రత్తలు పాటించటం అవసరం:

• కొనేముందు మదర్‌బోర్డు తయారీదారు ప్రకటించిన పరీక్షిత మెమొరీ జాబితాలో ఆ మోడలు ఉన్నదో లేదో చూడాలి.
• ఆపరేటింగ్ సిస్టంను స్థాపించకముందే, మొదట ప్రమాణ వేగంలో, తరువాత ప్రొఫైలుతో, ఒక్కొక్కసారి కనీసం నాలుగు ఆవృత్తులు మెమొరీ పరీక్ష నడపాలి. ఎక్కువ మెమొరీ ఉంటే రాత్రంతా పట్టవచ్చు.
• పాత కంప్యూటరులోని ఫైళ్ళను కొత్త యంత్రం కొన్ని వారాలు సక్రమంగా నడిచే వరకు చెరపరాదు.
• ముఖ్యమైన ఫైళ్ళకు పాత యంత్రంలోనే హాష్ విలువలు లెక్కించి, తరలించిన తరువాత కొత్త యంత్రంలో సరిచూసుకోవాలి.
• బయోస్ మార్చినా, మాడ్యూలు జతచేసినా, వేసవి మొదలైనా పరీక్షను మరొకసారి నడపాలి.
• బిల్లును, పెట్టెను భద్రపరచాలి. జతగా కొన్న మాడ్యూళ్ళలో ఒకటి చెడినా వారంటీ కొరకు సాధారణంగా జత మొత్తాన్ని పంపవలసి ఉంటుంది.